జయపాల్ గారి పదకొండు గేర్లు

సైకిల్‌కి గేర్లు మార్చాలని జయపాల్ నిర్ణయించుకున్న రోజున ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయింది. ఇంట్లో మాత్రం అలాంటి హెచ్చరికేదీ జారీ కాలేదు. అందుకని అతను ధైర్యంగా ముందుకు వెళ్లాడు.

జయపాల్ ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏభై దాటాక పొట్ట కాస్త ముందుకీ, జుట్టు కాస్త వెనక్కీ జరిగాయి. వాటిని యథాస్థానానికి తెచ్చుకోవడానికి వంకర హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిలొకటి కొన్నాడు. అప్పటినుంచీ ప్రతి రెండో శనివారం, ఆఫీసుకి సెలవు గనక, తన ఈడు ఉద్యోగులతో కలిసి తెల్లవారకుండానే బయల్దేరి ఎక్కడికో ఒకచోటికి తొక్కి వచ్చేవాడు. ఆ బృందం తనకి తాను పెట్టుకున్న పేరు గోదావరి పెడల్ వీరులు. జయపాల్ భార్య ఆశాజ్యోతి దానికి పెట్టిన పేరు పంక్చర్ల సంఘం. వాడుకలో రెండోదే నిలిచింది.

ఆ నెల రెండో శనివారం సంఘం అన్నవరం వెళ్లింది. రత్నగిరి ఘాటు రోడ్డు సగం ఎక్కేసరికి మిగతావాళ్ల వీపులు మలుపు తిరిగి మాయమయ్యాయి. జయపాల్ సైకిల్ దిగి పిట్టగోడ మీద కూలబడ్డాడు. ఛాతీ మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఒళ్లంతా చెమటలు పోశాయి. కాసేపటికి తగ్గింది. వెతుక్కుంటూ వెనక్కి దిగివచ్చిన తోటి వీరుడు మణిశంకర్‌తో, ఈ సంగతి మా ఇంట్లో తెలియనివ్వకండి అని మాట తీసుకున్నాడు.

జయపాల్ తండ్రి సరిగ్గా ఈ వయసులోనే, మిషన్ స్కూల్లో ఉదయం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని మళ్లీ లేవలేదు. తిరుగుదారి పొడుగునా జయపాల్‌కి ఆ కుర్చీయే కళ్లముందు కదిలింది. ఇల్లు చేరేసరికి మాత్రం అతను బాగా ఆలోచించి ఒక అభిప్రాయానికి వచ్చాడు. లోపం గుండెలో లేదు, గేర్లలో ఉంది. గుండెకైతే డాక్టరు కావాలి. గేర్లకి మణిశంకర్ చాలు.

మణిశంకర్ ఆఫీసులో పక్క సీటు. కోనసీమనుంచి వచ్చిన మర్యాదస్తుడు. ఎదుటివాణ్ణి నిరాశపరచడం ఇష్టం లేక, ఏ విషయంలోనూ తెలియదు అనేవాడు కాడు.

"మీ సైకిల్‌కి వెనకాల ఎనిమిదే గేర్లండి," అన్నాడు ఆయన. "ఈ రోజుల్లో ఎనిమిదేంటండి బాబూ. పదకొండు వేయించండి. కొండ చదునైపోతుంది."

వెనక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తిని క్యాసెట్ అంటారనీ, అందులో పెద్ద చక్రం ఎంత పెద్దదైతే ఎక్కుడు అంత తేలికనీ మణిశంకర్ వివరించాడు. అంతవరకూ ఆయన చెప్పింది నిజమే. ఆ తర్వాత చెప్పినదానితోనే చిక్కంతా వచ్చింది. పాతది విప్పడం, కొత్తది తొడగడం, అంతేనండి అన్నాడు.

జయపాల్ ఇంట్లో ఆన్‌లైన్ కొనుగోళ్లన్నీ ఆశాజ్యోతి ఫోన్లోనే జరుగుతాయి. అతని ఫోన్ చర్చి పెద్దలు పొద్దున్నే పంపే బైబిలు వాక్యాలతో, పువ్వులతో నిండిపోయి కొత్త యాప్ దేన్నీ గుమ్మం తొక్కనివ్వదు. అతను ఆవిడ ఫోన్ తీసుకుని కావలసింది వెతికిపెడితే, ఆవిడ తీరిగ్గా సరిచూసి ఆఖరి నొక్కు నొక్కుతుంది. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. సరిచూడకుండా సంతకం కూడా పెట్టదు.

కాబట్టి జయపాల్ ఒక ఎత్తు వేశాడు. వస్తువు మణిశంకర్ కోసమని చెప్పాడు. పాపం ఆయన ఫోన్ పాడైందన్నాడు.

"పాడైందని ఫోన్ చేసి చెప్పారా?" అని అడిగింది ఆశాజ్యోతి.

"ఆఫీసులో చెప్పాడు."

"ఏంటండీ అది, ముళ్ల గిన్నెలా ఉంది?"

"క్యాసెట్టు."

"పాటలొస్తాయా?"

"కొండెక్కేటప్పుడు పాట్లు తప్పుతాయి. ఆయనకి."

సరేనంది ఆవిడ. పెళ్లయిన నాటినుంచీ భార్య ఇంత తేలిగ్గా సరేనన్న సందర్భం జయపాల్‌కి ఇంకోటి గుర్తులేదు. మామూలు మనిషైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. జయపాల్ లోపలికి వెళ్లి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

క్యాసెట్ వచ్చింది. మణిశంకర్ లుంగీ మడిచికట్టి, ఫోన్లో ఏదో దేశం వాడి వీడియో పెట్టుకుని, వరండాలో సైకిల్ని తలకిందులు చేశాడు. బయట ముసురు. వెనక చక్రం మధ్యలో పళ్లచక్రాలు తొడిగే గొట్టం ఎనిమిదింటికి చేసింది. పదకొండూ దాని మీద పట్టలేదు. ఆఖరి బుల్లి చక్రం గొట్టం చివర గాలిలో తేలింది. బిగించే మర కరుచుకోలేదు.

"చక్రమే మార్చాలండి," అన్నాడు మణిశంకర్. "ముందే చెబుదామనుకున్నాను."

చక్రం వచ్చింది. జయపాల్ సైకిల్‌కి బ్రేకు చక్రం అంచుని పట్టుకుని ఆపుతుంది. వచ్చిన చక్రం మధ్యలో పళ్లెం ఉండే ఇంకో రకం బ్రేకుది. దాని అంచుకి పట్టుకోవడానికి చోటే లేదు. ఈ చక్రంతో సైకిల్ వెళుతుంది గాని ఆగదన్నమాట. తాను సరైనదే పెట్టానని జయపాల్ భార్య దగ్గర వాపోయాడు.

"కళ్లద్దాలు పెట్టుకుని పెట్టారా, తీసి పెట్టారా?" అంది ఆవిడ.

అతను తీసే పెట్టాడు. అంతటితో ఆ విచారణ ముగిసింది.

చక్రం తిప్పి పంపి ఇంకోటి తెప్పించేసరికి గోదావరి ఒకసారి తగ్గి మళ్లీ పెరిగింది. ఆ తర్వాత గొలుసు. గేర్లు ఎక్కువైనకొద్దీ పళ్లచక్రాల మధ్య సందు తగ్గుతుంది గనక గొలుసు సన్నంగా ఉండాలట. వచ్చింది తొమ్మిది గేర్ల గొలుసు. పెళ్లి బస్సులో ఇద్దరి మధ్య కూర్చోబోయిన మూడోమనిషిలా అది రెండు చక్రాల నడుమ ఇరుక్కుపోయింది. అది కూడా తిరిగి వెళ్లింది. ఈసారి జయపాల్ కళ్లద్దాలు పెట్టుకునే వెతికాడు. కళ్లద్దాలది కూడా ఏదో లోపం అయి ఉంటుందని అనుకున్నాడు.

ఈలోగా వరండాలోకి జల్లు కొడుతోందని సైకిల్ హాల్లోకి వచ్చింది. పనిముట్లు భోజనాల బల్ల మీదికి వచ్చాయి. గ్రీజు దిండు గలీబు మీదికీ, అక్కణ్నుంచి జయపాల్ చెవి మీదికీ వచ్చింది. స్నానాల గదిలో తడి తువ్వాలు వదిలేస్తేనే సాయంత్రం దాకా సాధించే ఆశాజ్యోతి ఇన్నిటికీ నోరెత్తలేదు. అన్నం వడ్డించేటప్పుడు మాత్రం ఆ గొలుసు కాస్త జరపండి అనేది. సైకిల్ ఎవరిదని కూడా అడగలేదు. జయపాల్‌కి కళ్లు చెమర్చాయి. ఇలాంటి ఇల్లాలికి అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే గేర్లు మార్చే లివర్లకి ఆర్డరు పెట్టించాడు.

మధ్యమధ్య ఆవిడ ఒక్క మాటే అడుగుతూ వచ్చింది. రాజమండ్రిలో గుండె డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లొద్దామా, ఊరికే, అని. ఊరికే డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారని జయపాల్ నవ్వేసేవాడు. మర్నాడు ఆఫీసు మెట్లెక్కుతుంటే ఛాతీలో అదే మోకాలు మళ్లీ నొక్కేది. రెయిలింగు పట్టుకుని నిలబడి, మెట్లకి గేర్లుండవు గదా అని సర్దిచెప్పుకునేవాడు. ఆ రోజుల్లో అతనికి ఒంటరిగా ఉండాలంటే భయంగా ఉండేది. చీకటి పడితే ఇంకా భయం. ఆ సంగతి భార్యకి చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెబితే సైకిల్ అటకెక్కుతుంది. సైకిల్ అటకెక్కితే తాను ముసలాడైపోయినట్టే. నోటిదాకా వచ్చింది అక్కడే ఆగిపోయేది.

రెండో శనివారం దగ్గరపడింది. సంఘం మళ్లీ అన్నవరమే అంది. ఈసారి ఘాటు రోడ్డు మీద ఆగకుండా ఎక్కితే తనకి ఏమీ లేనట్టే లెక్క అని జయపాల్ లోలోపల పందెం కట్టుకున్నాడు. లివర్లు గురువారం వచ్చాయి. పదకొండు గేర్లవి రావలసినవి పది గేర్లవి వచ్చాయి.

తిప్పి పంపడానికి వ్యవధి లేదు. శుక్రవారం సాయంత్రం మణిశంకర్ వచ్చి, పదికీ పదకొండుకీ ఎంతండి తేడా, ఒక్కటే గదా, సర్దేద్దామన్నాడు. సర్దాడు. లివరు ఒక నొక్కు నొక్కితే గొలుసు ఒక చక్రం మీంచి పక్కదాని మీదికి జరగాలి. ఇది సగం దూరంలో ఆగి, ఏ చక్రం మీద కూర్చోవాలో తేలక కటకటమని అరిచింది. ఇంకో నొక్కు నొక్కితే రెండు చక్రాలు దాటి దూకింది. ఆ గోలలోనే వాకిట్లో గొడుగులు మూస్తున్న చప్పుడయింది. శుక్రవారానికో ఇంట్లో జరిగే చర్చివాళ్ల కాటేజీ ప్రార్థన ఆ వారం తన ఇంట్లోనే అన్న సంగతి జయపాల్ పూర్తిగా మరిచిపోయాడు.

పాస్టరుగారు వచ్చారు. స్త్రీల సమాజం పెద్ద సంపూర్ణమ్మగారు వచ్చారు. వెనకాల ఇంకో పదిమంది వచ్చారు. సైకిల్ని జరపడానికి వీల్లేక దాని చుట్టూ చాపలు పరిచారు. చేతులనిండా గ్రీజుతో మణిశంకర్ బయటికి పోబోయాడు గాని, సంపూర్ణమ్మగారు తలుపు దగ్గర బైఠాయించి, కూర్చోండి నాయనా, దేవుడి మాట ఎవరైనా వినొచ్చు అన్నారు. ఆయన మర్యాదస్తుడు గనక కూర్చున్నాడు.

పాటలయ్యాయి, వాక్యం అయింది. ప్రార్థన అవసరతలు ఏమైనా ఉంటే చెప్పండి అన్నారు పాస్టరుగారు. అప్పుడు జయపాల్ బుర్రలో ఓ మెరుపు మెరిసింది. సంఘమంతా కలిసి ప్రార్థన చేసిన పనికి ఏ భార్య అడ్డు చెబుతుంది? అతను గొంతు సవరించుకుని, రేపు నాకో ప్రయాణం ఉందండి, దానికి కావలసినవన్నీ సమకూడాలని ప్రార్థించండి అన్నాడు. అందరూ సైకిల్ వంక చూసి సానుభూతిగా తలలూపారు.

"మంచిది," అన్నారు పాస్టరుగారు. "సహోదరి ఆశాజ్యోతి గారు ప్రార్థనలో నడిపిస్తారు."

అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. మణిశంకర్ ఒక్కడే కళ్లు తెరిచి అటూ ఇటూ చూస్తూ ఉండిపోయాడు.

ఆశాజ్యోతి మొదట వర్షాల గురించి ప్రార్థించింది. వరదలో చిక్కుకున్న లంక గ్రామాల గురించి, పాస్టరుగారి మోకాలి నొప్పి గురించి, సంపూర్ణమ్మగారి మనవరాలి పరీక్షల గురించి ప్రార్థించింది. జయపాల్‌కి కొంచెం కునుకు పట్టింది. అప్పుడు ఆవిడ గొంతు మారింది.

"ప్రభువా, ఈ ఇంటి యజమాని గేర్ల విషయమై నీ సన్నిధిలో నా తప్పు ఒప్పుకుంటున్నాను. ఈయన సరైన చక్రమే వెతికిపెట్టాడు తండ్రీ. నేనే దాన్ని మార్చి వేరే బ్రేకు చక్రం తెప్పించాను. ఈయన పదకొండు గేర్ల గొలుసు పెడితే నేను తొమ్మిదిది తెప్పించాను. పదకొండు గేర్ల లివర్లు పెడితే పదివి తెప్పించాను. మొదట వచ్చిన క్యాసెట్ విషయంలో మాత్రం నా తప్పు లేదు ప్రభువా, అది మణిశంకర్ గారి అజ్ఞానం. ఆయన్ని క్షమించు."

జయపాల్ కళ్లు తెరిచాడు. ఎదురుగా మణిశంకర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు. లేచి వెళ్లకూడదు. గోదావరికి అడ్డం వెళ్లొచ్చు గాని ఆశాజ్యోతి ప్రార్థనకి అడ్డం వెళ్లకూడదు. జయపాల్ మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

"కొండ మీద ఈయన గుండె పట్టుకుని కూర్చున్న సంగతి ఫణిశ్రీ గారు నాకు చెప్పారు తండ్రీ." ఫణిశ్రీ మణిశంకర్ భార్య. "ఈయన నాకు చెప్పలేదు. నేరుగా అడిగితే ఇంకా మొండిగా తొక్కుతాడు. చెబితే వినే మనిషి కాదు, నువ్వు కూడా చాలాసార్లు చెప్పి చూశావు. ఆ సైకిల్ విప్పి పడున్నన్నాళ్లూ ఈయన ఇంట్లో ఉంటాడని అలా చేశాను ప్రభువా. మా మామగారిని నువ్వు తొందరగా పిలుచుకున్నావు. ఎందుకని నేను అడగలేదు. ఈయన్ని మాత్రం ఇప్పుడే పిలవొద్దు. నాకు భయంగా ఉంది తండ్రీ."

ఎవరిదో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అది తనదేనని జయపాల్‌కి కాసేపటికి తెలిసింది.

"రేపు ఉదయం రాజమండ్రిలో డాక్టరుగారి దగ్గర పేరు రాయించాను. ఈయన కోరిన ప్రయాణం అదే అని నమ్ముతున్నాను. డాక్టరుగారు సరేననేవరకూ ఈయన సైకిల్ ఎక్కకుండా కాపాడమని యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమెన్."

ఆమెన్ అంది హాలంతా. చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. జయపాల్ నోట్లోంచి కూడా అదే మాట, అందరికంటే కాస్త గట్టిగా, బయటికి వచ్చేసింది.

"ఆమెన్ అన్నావు జయపాలూ," అన్నారు సంపూర్ణమ్మగారు. "నేను విన్నాను."

టీలు తాగి అందరూ వెళ్లిపోయారు. మణిశంకర్ చేతులు కూడా కడుక్కోకుండా అందరికంటే ముందు వెళ్లాడు. వాన పెద్దదయింది. ఆశాజ్యోతి గ్లాసులు ఏరుతోంది. జయపాల్ సైకిల్ పక్కన చాప మీదే కూర్చుని ఉన్నాడు. పదిమందిలో పరువు పోయిందన్న కోపం తెచ్చుకోవాలని చూశాడు గాని రాలేదు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు.

"మీరు నాతో చెప్పారా?"

ఆవిడ గ్లాసులు కింద పెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

"నాక్కూడా భయంగానే ఉంది ఆశా," అన్నాడు అతను.

"తెలుసండి," అంది ఆవిడ. అని అతని చెవికంటిన గ్రీజు కొంగుతో తుడిచింది.

రెండో శనివారం పెడల్ వీరులు వానలోనే అన్నవరం దారి పట్టారు. జయపాల్ భార్యతో ఆటోలో రాజమండ్రి వెళ్లాడు. ఛాతీకి తీగలు అంటించి, నడిచే పట్టా మీదికి ఎక్కించి, పట్టాని కొంచెం కొంచెంగా ఎత్తుగా లేపారు. సగంలోనే డాక్టరు ఆపేశాడు. ఎన్నాళ్లనుంచి ఉందని అడిగాడు. జయపాల్ భార్య వంక చూశాడు. కిందటి నెల కొండెక్కినప్పటినుంచండి అని ఆవిడే చెప్పింది. వెంటనే యాంజియోగ్రామ్ తీస్తే ఒక రక్తనాళం చాలావరకు మూసుకుపోయిందని తేలింది, రెండోది అదే బాటలో ఉందట. ఇంకో కొండెక్కి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. వీళ్లు అడగలేదు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకుని స్టెంటు వేశారు.

ఇంటికి తీసుకొచ్చాక జయపాల్ మంచం హాల్లో వేశారు. గోడకి ఆనించి సైకిల్ ముక్కలు అలాగే ఉన్నాయి. లేచి తిరగకూడదు, బరువులెత్తకూడదు, వాటి వంక చూడవచ్చు. తాను సగం మనిషైపోయినట్టు అనిపించేది. ఆఫీసువాళ్లు వచ్చి పళ్లు ఇచ్చి, వాళ్లకి తెలిసిన గుండె జబ్బులవాళ్ల కథలన్నీ చెప్పి వెళ్లేవారు. ఆ కథల్లో చాలావాటి చివర బాగుండేది కాదు.

ఒక ఆదివారం చర్చినుంచి వచ్చాక ఆశాజ్యోతి బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి ఒక పెట్టె తీసింది. అందులోంచి ముళ్ల గిన్నెలాంటిది బయటపడింది.

"ఏంటది?" అన్నాడు జయపాల్ మంచం మీంచి.

"క్యాసెట్టు. ఎనిమిదిదే. పెద్ద చక్రానికి ముప్పై రెండు పళ్లు. మీ పాత దానికంటే ఏడు ఎక్కువ. పాత చక్రానికే పడుతుంది, పాత లివర్లే సరిపోతాయి. గొలుసొక్కటే కొత్తది, కాస్త పొడుగు కావాలి గనక."

"ఎప్పుడు కొన్నావు?"

"మీరు మొదటిది పెట్టిన మర్నాడు. ఏది దేనికి సరిపోతుందో ఆ రాత్రే చదివాను. పట్టిక చూస్తే పదో తరగతి పిల్లలకి కూడా అర్థమవుతుంది."

"అంటే పదకొండు అవసరమే లేదా?"

"కొండకి ఎన్ని గేర్లున్నాయో అక్కర్లేదండి. ఆఖరి చక్రం ఎంతుందో కావాలి."

అప్పుడే మణిశంకర్ పరామర్శకి వచ్చాడు. గుమ్మంలో సంగతి చూసి, ఎనిమిదే మంచిదండి, నేను మొదట్నుంచీ అదే అనుకుంటున్నాను అన్నాడు. ఆశాజ్యోతి ఆయనకి కాఫీ ఇచ్చి, తాగాక చక్రం పట్టుకోమంది. ఆయన పట్టుకున్నాడు. ఆవిడ చెంగు దోపుకుని పళ్లచక్రాల గుత్తి తొడిగింది. మర కిర్రుమని కరుచుకుంది. చక్రం సైకిల్‌కి ఎక్కించి, పాత లివర్లు బిగించి, గొలుసు వేసింది. పెడల్ చేత్తో తిప్పుతూ లివరు నొక్కింది.

గొలుసు ఒక్కో చక్రం మీంచి పక్కదాని మీదికి మెత్తగా జరిగింది. అరవలేదు, దూకలేదు. చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా వెళ్లి, అడిగితే మళ్లీ వెనక్కి వచ్చింది. జయపాల్ దిండుకి చేరగిలబడి ఆ చప్పుడు విన్నాడు. ఇన్నాళ్లూ తాను వెతికిన చప్పుడు బియ్యం డబ్బాలోనే ఉంది.

"బావుంది," అన్నాడు. "మరి నన్నెప్పుడు ఎక్కనిస్తావు?"

ఆశాజ్యోతి చేతులకంటిన గ్రీజు తుడుచుకుంది.

"వచ్చే శుక్రవారం ప్రార్థనలో పెడదాం లెండి."

జయపాల్ సాయం కోసం మణిశంకర్ వంక చూశాడు. ఆయన అప్పటికే కళ్లు మూసుకున్నాడు.